పులుపు సీసా, సోడా సీసా

గుంటూరు,
ఆదివారం

ఏరా బావా,

మొక్కల అక్వేరియానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు ఇంట్లోనే తయారుచేస్తానంటున్నావు, చెయ్యి. కానీ పంచదార, ఈస్టు పద్ధతి మాత్రం వద్దురా. చల్లటి ఊళ్లో 200 గ్రాముల పంచదార, అరచెంచా ఈస్టు వేస్తే రెండు మూడు వారాలు నిదానంగా నడుస్తుంది. బెజవాడ రోహిణి కార్తెలో అదే ఈస్టు పూనకం వచ్చినట్టు పొంగి, చేపల్ని ఉక్కిరిబిక్కిరి చేసి, ఆనక చప్పబడిపోతుంది. రాత్రిపూట ఆపే దారీ లేదు. బిగించావంటే సీసా పేలుతుంది.

నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్), వంట సోడా పట్టు. వన్‌టౌన్ కిరాణా కొట్లలో అడుగు. బట్టల సోడా చేతిలో పెడతారేమో చూసుకో.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలే రెండు కావాలి. మంచినీళ్ల సీసా ఒత్తిడికి ఆగదు, గాజుదాని మాటే ఎత్తకు. ఒకదాంట్లో 600 మి.లీ. నీళ్లు పోసి 200 గ్రాముల నిమ్మ ఉప్పు పూర్తిగా కరిగించు. ఇది పులుపు సీసా. రెండోదాంట్లో 200 గ్రాముల సోడా, 200 మి.లీ. నీళ్లు. ఇది కరగదు, అడుగున ముద్దలా ఉంటుంది. ఉండనీ.

ఒక్కో మూతకి రెండు కన్నాలు. ఒక గొట్టం పులుపు సీసా అడుగు నుంచి బయల్దేరి సోడా సీసా మెడ దగ్గర ఆగాలి. రెండోది సోడా సీసా పైభాగం నుంచి వచ్చి, టీ జాయింటు దగ్గర చీలి, ఒక పాయ పులుపు సీసా పైభాగానికి, ఇంకొకటి అక్వేరియానికి. సీసాల మధ్య దారులు రెండింటికీ వన్‌వే వాల్వులుండాలి: మొదటిది సోడా వైపుకి, రెండోది పులుపు వైపుకి తెరుచుకునేలా. ఇక పులుపు సీసాని ఒక్కసారి నొక్కు. కాస్త పులుపు సోడాలో పడి గ్యాసు పుట్టి రెండు సీసాల్లోనూ నిండుతుంది. వాడేకొద్దీ సోడా సీసాలో ఒత్తిడి తగ్గుతుంది, పులుపు సీసాలో తగ్గదు. అందుకని అదే ఇంకాస్త పులుపు తోస్తుంది. వియ్యపురాళ్ల ఇచ్చిపుచ్చుకోవడంలా సాగుతుందిలే.

ఎవరికి చెడినా చెడేది మూత దగ్గరే. ఆ ప్లాస్టిక్‌కి ఏ జిగురూ పట్టదు, పొరలా ఊడొస్తుంది. కన్నం గొట్టం కన్నా అర మిల్లీమీటరు చిన్నగా పెట్టి, గొట్టం కొసని ఏటవాలుగా కోసి, కటింగ్ ప్లేయరుతో అవతలికి లాగు. ఆ బిగుతే చాలు. తర్వాత సబ్బునురగ రాసి చూడు. సిలికాన్ గొట్టం కొనకు, దాని గోడల్లోంచే గ్యాసు పోతుంది. పీవీసీది తీసుకో.

అక్వేరియం పాయకి గ్యాసుని సన్నగా వదిలే ఇత్తడి నీడిల్ వాల్వు పెట్టు, అక్కడ పిసినారితనం వద్దు. సెలైన్ సెట్టు రోలరు ఆ ఒత్తిడికి నిలవదు. అయితే దాని చుక్కల గది మాత్రం బుడగలు లెక్కపెట్టడానికి బంగారం. సూర్యారావుపేటలో ఏ మందుల షాపులోనైనా ఇస్తారు. వాల్వు తర్వాత, తలకిందులుగా, సగం నీళ్లతో పెట్టు. దానికి ముందు ఇంకో వన్‌వే వాల్వు లేకపోతే ఆ నీళ్లు వెనక్కి జారతాయి.

60 లీటర్ల తొట్టికి సెకనుకి ఒక బుడగతో మొదలుపెట్టు. లీకు లేకపోతే, రోజుకి ఎనిమిది గంటలు వదిలినా మూడు వారాలు వస్తుంది. బుడగల లెక్క ఒక్కటే నమ్మకు, డ్రాప్ చెకర్ పెట్టు, నీళ్లలో గ్యాసు ఎంతుందో రంగులో చూపే చిన్న బుడ్డి అది. అందులో తొట్టి నీళ్లు కాదు, రంగు మందు కలిపిన 4 డీకేహెచ్ (నీటి క్షారతకి కొలత) ద్రావణమే పోయాలి. నీలం అంటే చాలలేదు, ఆకుపచ్చ అంటే సుమారు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు), సరిపోయినట్టు, పసుపు అంటే చేపలకి గండం. రంగు మారడానికి గంటా రెండు గంటలు పడుతుంది, ఈలోగా తొందరపడి వాల్వు తిప్పకు. లైటుకి గంట ముందు తెరువు, లైటు ఆర్పడానికి గంట ముందు కట్టెయ్. ఎండాకాలం నీళ్లలో ప్రాణవాయువు అసలే తక్కువ, రాత్రి గాలి మోటారు వేసి ఉంచు.

కరెంటు పోతే ఫిల్టరు ఆగుతుంది గానీ సీసాలు ఆగవు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఆ వాల్వు ఎటు తిప్పితే మూసుకుంటుందో చెల్లాయికి చూపించి ఉంచు.

ఇట్లు,
నీ గుంటూరు బావ