ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై కిట్ ఎందుకు ఆగిందో చెప్తా

హెడ్‌ఫోన్ ఆంప్ కిట్ తో పాటు పవర్ సప్లై కూడా బుక్ చేసుకున్నవాళ్ళకి ఇది. ఆంప్ బోర్డులు, పార్ట్స్ అన్నీ ప్యాక్ చేసి ఉన్నాయి, ఆగింది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర. "అడ్వాన్స్ తీసుకుని సైలెంట్ అయిపోయారేంటన్నా" అని ఒకాయన మెసేజ్ పెట్టాడు, నిజం చెప్పాలంటే చాలా గుచ్చుకుంది, అందుకే మొత్తం రాస్తున్నా.

మన డిజైన్ పాతవాళ్ళకి తెలిసిందే. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ (మధ్య తీగకి అటూ ఇటూ చెరో 15 వోల్టుల ఏసీ), దాన్ని డీసీ చేసే ఒక డయోడ్ బ్రిడ్జి, రెండు వైపులా 2200 మైక్రోఫారడ్ కెపాసిటర్లు, వోల్టేజ్ కదలకుండా పట్టి ఉంచే రెగ్యులేటర్ చిప్‌లు ప్లస్ కి ఎల్ఎం317, మైనస్ కి ఎల్ఎం337. కొత్త బ్యాచ్ ట్రాన్స్‌ఫార్మర్లు వచ్చాయి, ఒంటి మీద 15-0-15, 250 మిల్లీ ఆంప్ అని నీట్‌గా స్టిక్కర్, మీటర్ పెడితే 15 చూపిస్తోంది. చూసేవాళ్ళకి కరెక్టే అనిపిస్తుంది కానీ అసలు అనుమానం వచ్చిందే అక్కడ, ఎందుకంటే స్టిక్కర్ మీద రాసేది ఫుల్ లోడ్ మీద వచ్చే వోల్టేజ్, ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నిజంగా 15 ది అయితే లోడ్ లేకుండా ఖాళీగా ఉన్నప్పుడు 18 దాకా చూపించాలి. లోడ్ కోసం సగానికో 60 ఓమ్ వైర్‌వూండ్ రెసిస్టర్ కట్టా. 12 చిల్లరకి పడిపోయింది. అంటే 12-0-12 కి 15 స్టిక్కర్ వేసి పంపారు, లోడ్ లేనంతసేపూ మేకపోతు గాంభీర్యం. పెట్టెలో ఇంకోటి తీశా, ఇంకోటి తీశా, అన్నీ అంతే.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే ఆయన చెప్పిన సమాధానం "అందరూ ఇవే తీసుకుంటున్నారు సార్, ఎవరూ కంప్లైంట్ చేయలేదు". పేరు చెప్పను, కానీ ఎన్నో ఏళ్ళుగా ఆయన దగ్గరే కొంటున్నా, 15 వి లేవు, 12 వే ఉన్నాయి అని ఒక్క మాట చెప్పుంటే నేనే ఆగేవాణ్ణి కదా, స్టిక్కర్ మార్చి పంపడమేంటి? పైగా "మీరు మరీ ఎక్కువ చూస్తారు సార్" అన్నాడు. చూస్తాను మరి, నా పని అదే.

12 తో నడవదా అంటే, హైదరాబాద్‌లో కరెంట్ 230 ఉన్నంతసేపూ నడుస్తుంది. ఏసీ పీక్ కోసం 12 ని 1.414 తో గుణిస్తే 17, డయోడ్ కి ఒకటి, రిపుల్ కి (డీసీలో మిగిలే అలకి) అర పోతే 15.5 మిగులుతుంది, 12 బయటికి ఇవ్వడానికి సరిపోతుంది. కానీ మన కస్టమర్లలో సగం మంది ఊళ్ళలో ఉన్నారు, బోర్ మోటర్లు ఆన్ చేశారంటే 190 కి దిగిపోయే ఊళ్ళు. అదే లెక్క 190 తో వేస్తే రెగ్యులేటర్ ముందు మిగిలేది 12.5, దానికేమో బయటికి ఇచ్చే 12 పైన కనీసం 2 వోల్టులు కావాలి. ఇక అది రెగ్యులేటరే కాదు, 100 హెర్ట్జ్ హమ్ తిన్నగా చెవుల్లోకి. అసలైన 15-0-15 అయితే 190 లో కూడా 16 మిగులుతుంది, దాన్ని పెట్టిందే అందుకు.

ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేసిన విషయం. ఈ పెట్టెని వాడేసే దారి ఒకటి ఉంది. రెగ్యులేటర్ అవుట్‌పుట్‌ని సెట్ చేసే రెసిస్టర్లలో 120 ఓమ్ కి జోడీగా 750 ఓమ్ పెడితే చాలు, అవుట్‌పుట్ ప్లస్ మైనస్ 9 అవుతుంది, 190 లో కూడా కదలదు. 9 మీద ఆంప్ లోని ఎన్ఈ5532 చిప్ దాదాపు 7 వోల్టుల పీక్ ఇస్తుంది, 300 ఓమ్ హెడ్‌ఫోన్ కి కూడా అది ఎక్కువే, మీలో ఎవరికీ తేడా వినపడదు. మా తమ్ముడు అదే అన్నాడు, రెసిస్టర్లు మార్చి పంపేద్దాం, డబ్బులు ఇరుక్కోవు అని. లెక్క ప్రకారం వాడిదే కరెక్ట్, నేను కాదనను. కానీ మీరు 12 అని డబ్బులు కట్టారు, స్టిక్కర్ మీద 15 అని ఉంటుంది, లోపల 12 ఉంటుంది, బయటికి 9 వస్తుంది, ఇన్ని అబద్ధాలు ఉన్న డబ్బా మీద నా షాపు పేరు ఉండాలా? పంపను. మొండితనం అనుకోండి.

సింగిల్ అడాప్టర్ పెట్టి దాని వోల్టేజ్‌ని సగానికి విడగొట్టి మధ్యలో వర్చువల్ గ్రౌండ్ (ఉత్తుత్తి సున్నా) చేయొచ్చు కదా అని అడిగేవాళ్ళకి: చేయొచ్చు, మన కిట్ లో చేయను.

ఇప్పుడు వైండింగ్ చేసే ఇంకో ఆయనకి ఆర్డర్ ఇచ్చా, మొదటి పీస్ లోడ్ మీద 15.2 నిలబడింది, మిగతావి ఒక్కోటి నేనే లోడ్ పెట్టి చూసి పంపుతా. రేటు ఆయన ఎక్కువే చెప్పాడు, అది మీ మీద వేయను. కెపాసిటర్లు కిట్ లో ఇచ్చిన 35 వోల్టులవే వాడండి, ఇంట్లో ఉన్నాయని 25 వి పెట్టొద్దు, కరెంట్ 250 కి వెళ్తే ఖాళీ లోడ్ మీద 25 దాటేస్తుంది. ఇంకోటి, ఎల్ఎం337 ట్యాబ్ (వెనకున్న లోహపు రేకు) ఇన్‌పుట్ కి కలిసి ఉంటుంది, 317 ది అవుట్‌పుట్ కి, రెండూ ఒకే హీట్‌సింక్ మీద మధ్యలో కరెంట్ పోనివ్వని మైకా రేకు లేకుండా బిగిస్తే షార్టే, అలా బిగించారంటే నాకు ఫోన్ చేయొద్దు.

ఆగలేనివాళ్ళు ఆర్డర్ నంబర్ పంపండి, అడ్వాన్స్ మొత్తం వెనక్కి వేస్తా, ఎందుకని అడగను. ఆంప్ బోర్డ్ ఒక్కటే ముందు కావాలంటే అది రేపే కొరియర్ కి ఇస్తా. ఆ 12-0-12 ల పెట్టె మాత్రం షాపులోనే ఉంది, సప్లయర్ వచ్చి తీసుకెళ్తానన్నాడు, ఇంకా రాలేదు.