ఐదో వారం నుంచి ఆ పిల్ల ఎందుకు తెల్లబడింది?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పిల్లల పేజీలో వస్తున్న బొమ్మల కథ గురించి ఈ ఉత్తరం. కృష్ణ ఒడ్డున లంక ఊళ్లో పడవ నడిపే వాళ్లింటి పిల్ల కథ అది. మా మనవరాలు నాలుగో తరగతి. ప్రతి వారం ఆ ముక్క కత్తిరించి లాంగ్ నోట్‌బుక్కులో అంటించుకుంటుంది. మొన్న తొమ్మిది వారాలవీ వరసగా తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. మొదటి నాలుగు వారాలు ఆ పిల్లది చింతగింజ రంగు. ఐదో వారం నుంచి లేత గులాబీ. అవే రెండు జడలు, అదే ఆకుపచ్చ గౌను, అదే ముక్కు. మనిషి మాత్రం వేరే ఇంటి పిల్లలా ఉంది.

"ఇదేమిటమ్మా, ఇట్లా మారిపోయింది?" అని అడిగాను.

"ఐదో వారం స్కూల్లో ప్రైజొచ్చింది కదా తాతయ్యా, అందుకని తెల్లబడింది" అంది.

ఏ అనుమానమూ లేకుండా చెప్పింది. దాని మట్టుకు అది కథలో భాగమే. కథలో ఎవరూ రాయని ఆ మాటను పిల్ల బొమ్మల్లోంచి తనే చదువుకుంది. ఈ ఉత్తరం రాయాలనిపించింది అందుకే.

నేను గవర్నరుపేటలో ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో 34 ఏళ్లు పనిచేసి మానేశాను. ప్రాసెస్ కెమెరా, ఫిల్ము రీటచింగు, ప్లేటు మేకింగు నా పని. అచ్చులో ఏ రంగైనా సన్నటి సిరా చుక్కల కలయికే. ఆ చుక్కలు చూసుకునే భూతద్దం ఇప్పటికీ నా దగ్గరుంది. దాంతో మీ పేజీలు చూశాను. మొదటి వారం ఆ పిల్ల బుగ్గ మీద పసుపు, మెజెంటా (ముదురు గులాబీ) చుక్కల మధ్య సయాన్ (నీలం) చుక్కలు నిండుగా పడ్డాయి. మన ఒంటి రంగు కాగితం మీదకి రావాలంటే ఆ నీలం చుక్కే ఆధారం. ఐదో వారం బుగ్గ మీద సయాన్ దాదాపు లేదు, మెజెంటా కూడా సగానికి పడిపోయింది.

ప్రెస్సు నుంచి మీకు ఏం జవాబు వస్తుందో నేను చెప్పగలను, ఎందుకంటే అదే జవాబు నేనూ చాలామందికి చెప్పాను. న్యూస్‌ప్రింట్, అంటే పత్రిక కాగితం, సిరాను పీల్చుకుంటుంది, చుక్క ఉబ్బుతుంది, ముదురు మొహం మసిబారి కళ్లూ ముక్కూ కలిసిపోతాయి, అందుకని కాస్త తేల్చాం, అంటారు. చుక్క ఉబ్బే మాట నిజమే. కానీ అదే పేజీలో పడవ దొంగిలించేవాడు ఒకడున్నాడు. తొమ్మిది వారాల్లో వాడి నలుపు ఒక్క చుక్క కూడా తగ్గలేదు. కాగితం దోషమే అయితే ఇద్దరి మొహాలూ తేలాలి కదా? పైగా వాడి కళ్లు, మీసం, బుగ్గ మీద గాటు, అన్నీ స్పష్టంగా అచ్చయ్యాయి. ముదురు రంగు మొహాన్ని శుభ్రంగా అచ్చువెయ్యడం మీ ప్రెస్సుకు బాగా వచ్చు. ఆ నేర్పు పిల్ల మొహానికి ఎందుకు వాడలేదన్నదే నా ప్రశ్న.

మా వృత్తిలో ఇది పాత జబ్బు. 1963లో అమెరికాలో స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి సార్జెంట్ ఫ్యూరీ అనే యుద్ధం కామిక్ మొదలుపెట్టారు. ఆ దళంలో గేబ్ జోన్స్ అని బాకా ఊదే నల్లజాతి సైనికుణ్ని పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ వేరువేరు దళాల్లో ఉంచింది. అయినా తమ కథలో అందరూ ఒకచోట ఉండాలని కోరి పెట్టిన పాత్ర అది. తీరా మొదటి సంచిక అచ్చయి వస్తే గేబ్ జోన్స్ తెల్లవాడి రంగులో ఉన్నాడు! బ్లాకులు చేసేచోట రంగులు విడదీసే మనిషి, ఇదేదో పొరపాటు అనుకుని, మిగతా సైనికులకు వేసిన రంగే వేసేశాడట. మళ్లీ అట్లా కాకుండా ప్రత్యేకంగా చీటీ రాసి పంపాల్సి వచ్చిందని స్టాన్ లీ తర్వాత చెప్పుకున్నారు. ఆ రోజుల్లో అక్కడ కామిక్కులకు ఒక్కో రంగు మూడే మోతాదుల్లో ఉండేది, పావు, సగం, పూర్తి. తెల్లవాళ్ల మొహానికి పావు పసుపు, పావు ఎరుపు అని లెక్క కుదిరిపోయింది. చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది. రచయిత అడగలేదు, చిత్రకారుడు అడగలేదు. ఒక పాత్ర జాతినే ఆ చెయ్యి మార్చేసింది.

రాసినవాళ్లు తెలిసి మార్చడం వేరు. నా చిన్నప్పుడు అద్దెకు తెచ్చుకుని చదివిన ఫాంటమ్ సంగతే చూడండి. 1936లో లీ ఫాక్ మొదలుపెట్టినప్పుడు ఆ అడవి ఆసియా వైపు, దాని పేరు బెంగాలీ. పోనుపోను కథ ఆఫ్రికాకు జరిగింది, అక్కడి మనుషులూ ఆఫ్రికా వాళ్లయ్యారు. మన దేశంలో ఇంద్రజాల్ కామిక్స్ వాళ్లు ఆ పేరును డెంకాలీ చేశారు. బెల్జియం బొమ్మల కథలు టిన్‌టిన్‌లో ఒకదానికి అమెరికా ప్రచురణకర్తలు నల్లవాళ్ల బొమ్మలు ఉండకూడదన్నారు. వాటిని గీసే హెర్జే తనే మార్చి గీశాడు. అదీ నాకు నచ్చదు. అయినా అడిగినవాడెవరో, గీసినవాడెవరో తెలుస్తుంది. మీ పేజీలో ఎవరు మార్చారో మీకైనా తెలుసా అని నా అనుమానం.

ఇంత గట్టిగా అడగడానికి కారణం ఉంది. ఈ పని నా చేత్తో నేనే చేశాను. 1986లో ఒక పిల్లల బొమ్మల పుస్తకం మా ప్రెస్సుకు వచ్చింది. బొమ్మలు వేసినాయన గుంటూరు మనిషి, డ్రాయింగు మాస్టారు. కథలో పిల్లకు తన కూతురు పోలికలే వేశాడు, కూతురి గళ్ల గౌనుతో సహా. ఆ పిల్ల మంచి నలుపు. ప్రూఫు చూసిన ప్రచురణకర్త "పిల్లను కాస్త తేల్చవయ్యా, అట్ట మీద ఇట్లా ఉంటే కొనరు" అన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. ఫెర్రీసయనైడు, హైపో కలిపిన నీళ్లలో కుంచె ముంచి సయాన్ ఫిల్ము మీద (ఒక్కో రంగుకు ఒక్కో ఫిల్ము ఉండేది) మొహం ఉన్నంత మేరా అద్దాను. చుక్కలు కరిగి సన్నబడ్డాయి. కడిగి ఆరబెట్టడంతో కలిపి గంట పని. బాగా కుదిరిందని ఆ రోజు సంతోషపడ్డాను కూడా.

పుస్తకాలు బైండింగయ్యే రోజు మాస్టారు కూతుర్ని వెంటబెట్టుకుని బస్సులో వచ్చారు. ఆ పిల్ల పుస్తకం తీసుకుని అక్కడే కాగితం రీముల మీద కూర్చుంది. కాసేపు చూసి "నాన్నా, గౌను నాదే, దీంట్లో నేనెక్కడున్నాను?" అని అడిగింది. ఆయన నా వైపు చూశారు. కోప్పడలేదు. తనకివ్వాల్సిన పది కాపీలు కూడా తీసుకోకుండా పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత మా ప్రెస్సుకు ఆయన బొమ్మ ఒక్కటీ రాలేదు. ఆయన చిరునామా నా దగ్గర ఉండేది. ఒక ఉత్తరం ముక్క రాయాల్సింది, రాయలేదు.

మన ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. కృష్ణ అంటే నలుపనే అర్థం. భారతంలో ద్రౌపదికి కృష్ణ అని పేరు ఆమె ఒంటి ఛాయ వల్లే వచ్చింది. ఈ ఊళ్లో నేను అచ్చువేసిన క్యాలెండర్లలో, నోట్‌బుక్కు అట్టల్లో ద్రౌపది ఎప్పుడూ గులాబీ రంగులోనే ఉంది. ఆ ప్లేట్లు కూడా నావే.

నేను మిమ్మల్ని కోరేది పెద్ద పనేం కాదు. చిత్రకారుడిచ్చిన అసలు బొమ్మ మీ ఆఫీసులో ఉండే ఉంటుంది. అందులో పిల్ల ఒంటి రంగు చూసి ఏ సిరా నూటికి ఎంతో అంకెలు ఖాయం చెయ్యండి. నా భూతద్దానికి మొదటి వారం సుమారుగా పసుపు 70, మెజెంటా 60, సయాన్ 35 ఉన్నట్టు అనిపించింది. మూడూ కలిపినా 165 శాతం, న్యూస్‌ప్రింట్ అన్ని సిరాలూ కలిపి 240 దాకా మోస్తుంది. కళ్లలో తెలుపు కాగితాన్నే వదిలెయ్యండి, ముక్కు మీదా నుదుటి మీదా సన్నటి వెలుగు ఉంచండి, నల్లగీత తెగకుండా చూడండి. మొహం మసిబారదు. ఆ అంకెలు ప్రతి వారం ఫైలుతో పాటు ప్రెస్సుకు వెళ్లాలి. చిత్రకారుణ్ని అడక్కుండా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

వేసవి సెలవుల్లో ఈ కథను పుస్తకంగా తెస్తామని మీరే ప్రకటించారు. పుస్తకానికి వెళ్లే ముందు ఐదు నుంచి తొమ్మిది వారాల బొమ్మలు అసలు రంగులో మళ్లీ చేయించండి. మీ ప్రెస్సువాళ్లు రమ్మంటే నేనొచ్చి పక్కన కూర్చుంటాను, నాకు డబ్బులేమీ వద్దు.

రాబోయే ఆదివారం పదో భాగం. మా మనవరాలు నోట్‌బుక్కులో దానికి పేజీ వదిలిపెట్టి, పైన తేదీ కూడా వేసి ఉంచింది.

ఇట్లు
ఒక పాత ప్లేటు మేకర్,
సత్యనారాయణపురం, విజయవాడ.