ఆటోనగర్‌లో టీ తాగించిన పెద్దాయనకు

మీ పేరు అడగడం మర్చిపోయానండీ. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నారు. కాలిన కాంటాక్ట్ పాయింట్లు (ఇంజన్‌లో స్పార్క్ కోసం కరెంటును కలిపి తెంచే చిన్న లోహపు ముక్కలు) చేత్తో పట్టుకుని కొట్టు కొట్టుకీ తిరుగుతున్నది నేనే.

మా నాన్నగారి కార్బురేటర్ కారు అది. పొద్దున్నే బాగానే స్టార్ట్ అవుతుంది. ఇంజన్ వేడెక్కగానే దగ్గి దగ్గి ఆగిపోతుంది, చల్లారితే మళ్లీ మామూలే. నేను కార్బురేటర్ మూడుసార్లు విప్పి కడిగాను, పెట్రోల్ పంపు కూడా మార్చాను. ఇంట్లో మిక్సీ బాగుచేసిన ధైర్యం మరి!

మీరు కళ్లజోడు పైకి తోసి పాయింట్లను ఎండకు ఎత్తి చూశారు. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద ఆవగింజంత దిబ్బ. "పాయింట్లది తప్పు కాదు అబ్బాయ్, కండెన్సర్ పోయింది. పాయింట్లు విడిపోయేటప్పుడు వచ్చే నిప్పురవ్వను అది ఆపలేకపోతే లోహం ఇటు నుంచి అటు ఎగిరి అంటుకుంటుంది" అన్నారు. అన్నిచోట్లా కొత్త పాయింట్లే అమ్మబోయారు, కారణం చెప్పింది మీరొక్కరే.

బొటనవేలంత కండెన్సర్, ఒక వైరు, ఒక స్క్రూ. అదీ, పాయింట్లూ కొత్తవి వేసి, మీరు చెప్పినట్టే గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు పెట్టాను. ఆదివారం మండుటెండలో మంగళగిరి వెళ్లొచ్చాం. ఎక్కడా ఆగలేదు. పక్కసీట్లో అమ్మ హాయిగా నిద్రపోయింది.

చాలా థాంక్స్ అండీ. ఆ రోజు టీ డబ్బులూ మీరే ఇచ్చేశారు. అది బాకీ ఉంది, వస్తాను.