ఆదివారం వంట క్లాసు సంగతి

నిన్న అమలాపురంలో జరిగిన వంట, కాక్‌టెయిల్ క్లాసుకు రానివారి కోసం ఈ నాలుగు ముక్కలు. రొయ్యల ఇగురు మనకు కొత్త కాదు. కానీ రొయ్యలను ముందే ఉప్పు, పసుపు వేసి, ఊరిన నీరు ఇగిరే వరకు ఉంచి తీసి, ఉల్లి మసాలా వేగాక చివర్లో కలిపారు. ముక్క రబ్బరులా సాగలేదు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న తప్పు తెలిసింది!

తర్వాత మొజిటో. క్యూబా పానీయం: తెల్ల రమ్ము, నిమ్మరసం, పంచదార, పుదీనా, సోడా. పుదీనాను పచ్చడికి దంచినట్టు దంచకూడదు, మెల్లగా అదిమితే చాలు; నలిగితే చేదెక్కుతుంది. మా బావగారు దంచేశారు. బండి నడిపేవారికి రమ్ము బదులు కొబ్బరినీళ్లు పోశారు, నాకదే నచ్చింది.

వచ్చే నెల పనసపొట్టు కూర. వచ్చేవారు గురువారంలోపు చెప్పండి, పొట్టు కొట్టించాలి.