కలెక్టరు గారూ, మా డ్రమ్ములకు కాస్త చోటివ్వండి

గౌరవనీయులైన ఎన్టీఆర్ జిల్లా కలెక్టరు గారికి,

జైహింద్.

నేను మద్రాస్ రెజిమెంటులో సైడ్ డ్రమ్ము, అంటే రెండు కర్రలతో వాయించే చిన్న డ్రమ్ము, వాయించి రిటైరైనవాణ్ణి. పుట్టిన ఊరు తెనాలి దగ్గర, ఉండేది బెజవాడలో. జిల్లా సైనిక బోర్డుకు అధ్యక్షులు మీరే కనుక మీకు రాస్తున్నాను. పింఛను గొడవ కాదు, క్యాంటీను గొడవ కాదు. ఆ రెండూ కాకపోతే కలెక్టరుతో నీకేం పని అని మా ఆవిడ కూడా అడిగింది.

ఆమధ్య మన నగరంలోనే అమరవీరుల సంస్మరణ సభ ఒకటి జరిగింది. ఎవరు పెట్టారో చెప్పను, మనసుపెట్టే చేశారు. కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లిని పుష్పగుచ్ఛం పెట్టడానికి పిలిచారు. డెబ్బై దాటి ఉంటాయి ఆమెకు. మోకాళ్ళ నొప్పులు, చేతికర్ర. కుర్చీ నుంచి స్తూపానికి ముప్ఫై అడుగులుంటుందేమో. ఆమె లేవగానే ఎవరో ఫోను నొక్కారు, స్పీకరు పెట్టెలోంచి లాస్ట్ పోస్ట్ మొదలైంది. పోయినవాళ్ళకు బ్యూగుల్ మీద చెప్పే వీడ్కోలు అది. ఆమె సగం దూరం నడిచేసరికి అది అయిపోయింది. అంతటితో ఆగినా బాగుండేది. ఫోను తనంతట తనే తరవాతి పాట ఎత్తుకుంది, మంచి హుషారైన పాట. కుర్రాడు కంగారుపడి ఆపేశాడు గానీ, ఆమె అక్కడే నిలబడిపోయింది. తను ఆలస్యంగా నడిచి ఏదో పాడుచేసినట్టు అందరి వైపూ చూసింది.

నా పక్కనే పెద్దబావ కూర్చుని ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, పల్టన్‌లో అందరం ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళం. మా బ్యాండులో బాస్ డ్రమ్ము, అంటే పెద్ద డ్రమ్ము, వాయించేవాడు. కుర్చీ చేతి మీద ఆయన వేళ్ళు కదులుతున్నాయి. ఆమె అడుగు పడినప్పుడల్లా ఒక దెబ్బ, అడుగు ఆగితే దెబ్బ ఆగుతోంది.

మేం చేసే పని అదేనండీ. డ్రమ్మరు చూపు కర్రల మీద ఉండదు, నడిచేవాళ్ళ కాళ్ళ మీద ఉంటుంది. ఆ తల్లి నడుస్తుంటే సన్నగా రోల్ ఎత్తుకుంటాం. రోల్ అంటే విడివిడి దెబ్బలు వినపడకుండా చినుకుల జోరులా సాగే వాయింపు. ఆమె రెండు నిమిషాలు నడిస్తే రెండు నిమిషాలు, అయిదు నిమిషాలు నడిస్తే అయిదు. పూలు పెట్టి, నడుం ఎత్తి నిలబడ్డాకే దించుతాం. పెట్టెలో పాటకు ఆమె కనపడదు.

నేనీ విద్య నేర్చింది నీలగిరుల్లో, వెల్లింగ్టన్‌లోని రెజిమెంటల్ సెంటర్లో. మద్రాస్ రెజిమెంట్ 1758 నాటిది. ఆ సెంటరున్న బారకాసులకు జనరల్ శ్రీనగేశ్ గారి పేరే పెట్టారు, ఆయన ఆర్మీ చీఫ్‌గా చేశాక 1962 నుంచి 64 దాకా మన రాష్ట్రానికే గవర్నరుగా ఉన్నారు. ఇది చెప్పినప్పుడల్లా మావాళ్ళు ‘మళ్ళీ మొదలుపెట్టాడు’ అంటారు. సరే.

రోల్‌కి మూలం ఎడమ చేత్తో రెండు దెబ్బలు, కుడిచేత్తో రెండు. మా ఉస్తాద్ దాన్ని ‘మామా-డాడా’ అని నేర్పించేవాడు. మా తెలుగువాళ్ళం లోలోపల ‘అమ్మ-నాన్న, అమ్మ-నాన్న’ అనుకుంటూ వాయించేవాళ్ళం. సరిగ్గా అతుకుతుంది, చూడండి. పద్దెనిమిదేళ్ళ పిల్లలం, ఆ చలిలో, రోజుకు కొన్ని గంటలు రబ్బరు ముక్క మీద అమ్మ-నాన్న అని కొట్టుకుంటూ కూర్చుంటే కళ్ళెమ్మట నీళ్ళు వచ్చేవి. చలికే అని చెప్పుకునేవాళ్ళం. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కర్ర ఆనే చోట కాసిన కాయ ఇప్పటికీ ఉంది నాకు. పప్పన్నం కలుపుకునేటప్పుడు కుడిచేతికి లేనిది ఎడమచేతికెందుకు తాతా అని మనవరాలు గిల్లి చూస్తుంది.

మా నాన్న డోలు వాయించేవాడు. ఊళ్ళో ప్రతి పెళ్ళికీ ముందు నడిచేవాడు, బంతిలో మాత్రం ఆఖరున కూర్చునేవాడు. ఒక్కోసారి బయటే. డ్రమ్మర్ని చేశారని ఉత్తరం రాస్తే, “అక్కడ కూడా వాయించుడేనా” అని జవాబు రాయించాడు. సెలవుకొచ్చినప్పుడు కవాతు ఫోటో చూపించాను. మేం ముందు, ఆఫీసర్లు మా వెనక, మొత్తం పల్టన్ మా దెబ్బకి ఎడమకాలు వేస్తూ. ఫోటోని చాలాసేపు చూసి, “అన్నం ఎక్కడ పెడతారు?” అన్నాడు. అందరితో పాటే నాన్నా అన్నాను. ఆ ఫోటో ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

బ్యాండువాళ్ళంటే పండగ కవాతులకీ, జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో బీటింగ్ రిట్రీట్‌కీ మాత్రమే అనుకుంటారు చాలామంది. యుద్ధమొస్తే డ్రమ్ము దించి స్ట్రెచర్ ఎత్తేది మేమే. దెబ్బ తిన్నవాణ్ణి మోసుకు రావడం బ్యాండు జవాను పని. పోయినవాడికి చివరి వాయింపూ మాదే. అప్పుడు డ్రమ్ముకి నల్లగుడ్డ చుడతాం, అడుగున ఉండే సన్న తీగల్ని మీట నొక్కి దించేస్తాం. తీగ దిగగానే డ్రమ్ము గలగల పోయి గుండెల్లో కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. మామూలు కవాతుకి నిమిషానికి 120 అడుగులు, దీనికి 70. డెబ్బై కష్టం. చెయ్యి ముందుకు ఉరుకుతానంటుంది.

బెజవాడ చుట్టుపక్కల మేం అయిదుగురం మిగిలాం. ఏటా నవంబరులో, బతికే ఉన్నామని పింఛనుకి రుజువు ఇచ్చుకునే రోజున కలుసుకుని టీ తాగేవాళ్ళం. అలా తాగుతూనే ఒక ఏడాది తలా కొంత వేసుకుని, పాత డ్రమ్ములు మూడు కొన్నాం, పెళ్ళిబ్యాండు మానేసిన ఒకాయన దగ్గర. సింగ్‌నగర్లో పెద్దబావ ఇంట్లో పెట్టాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వచ్చిందంటే మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన ఇంట్లోవాళ్ళని డాబా మీదికి ఎక్కించాక సైడ్ డ్రమ్ము ఒకటి నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడట, మిగతావి నీళ్ళపాలు. నీళ్ళు తీసి చూస్తే బాస్ డ్రమ్ము చెక్క అరటిబోదెలా పొరలు పొరలుగా విడిపోయింది.

అప్పట్నించీ అద్దె డ్రమ్ములే. బ్యాండు మేళం వాళ్ళు మంచివాళ్ళు, మిలటరీ అంటే సగం అద్దెకే ఇస్తారు, మూఢంలో అయితే. ముహూర్తాలున్నప్పుడు వాళ్ళ బతుకు వాళ్ళది. మావాళ్ళు మూఢం చూసుకుని పోరు కదండీ. మాఘమాసంలో పోయాడు పెద్దబావ. నాలుగు రోజులదాకా బాస్ డ్రమ్ము ఖాళీ లేదన్నారు. ఆయన వరదలో మోసుకెళ్ళిన ఆ ఒక్క సైడ్ డ్రమ్మూ ఉంది, నేను భుజాన వేసుకున్నాను. బాస్ కోసం మావాడొకడు ఇంటిముందున్న పెయింటు బకెట్టు బోర్లించి, పైన తువ్వాలు పరిచి, నడుముకి కట్టుకున్నాడు. మనవలు మొదట నవ్వారు. పాడె మోసేవాళ్ళు నాలుగడుగులు తొట్రుపడ్డారు, ఆ తరవాత వాళ్ళ కాళ్ళు వాటంతటవే డెబ్బైకి వచ్చేశాయి. కృష్ణ ఒడ్డుదాకా అలాగే నడిచాం.

ఇక నేనడిగేది. డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినానికీ, జూలై 26 కార్గిల్ రోజుకూ, పుష్పగుచ్ఛాలు పెట్టే ప్రతి చోటా ఆ స్పీకరు పెట్టె బదులు మమ్మల్ని పిలిపించండి. డబ్బు వద్దు. బ్యూగుల్‌కి మనలోనే మనిషి దొరుకుతాడు. రెండోది, తడి తగలని గది ఒకటి, తాళం వేసుకునేది, డ్రమ్ములు పెట్టుకోవడానికి. ఆదివారం పొద్దున ఒక గంట ఏదైనా మైదానంలో వాయించుకోనివ్వండి. అపార్టుమెంటు మేడ మీద వాయిస్తే మూడోవారమే వద్దన్నారు. వాళ్ళ తప్పేం లేదు, సైడ్ డ్రమ్ము పక్కింట్లో ఉంటే నేనైనా అదే అంటాను. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మోత కూడదన్న నియమం మాకు తెలుసు, ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదికి ఆపేస్తాం. ఎన్‌సీసీ పిల్లలు వస్తే నేర్పుతాం కూడా. అమ్మ-నాన్న నుంచే.

ఆ తల్లిని ఈసారి కూడా పిలిస్తే నాకు ముందుగా కబురు చేయించండి. కుర్చీ ఎక్కడ వేస్తారో చూసుకుని, ఆమె కాళ్ళు కనపడేచోట నిలబడతాను.

బాస్ డ్రమ్ముకే మనిషి లేడు. గుంటూరులో ఒకాయన ఉన్నాడట, ఆర్టిలరీ బ్యాండులో చేసినవాడు. మోకాలి ఆపరేషన్ అయిందంటున్నారు. వచ్చే ఆదివారం నలుగురం కలిసి వెళ్ళి అడిగి వస్తాం.

భవదీయుడు,
ఒక మాజీ సైడ్ డ్రమ్మరు,
విజయవాడ