క్వినోవా తింటే పాపమా?

సంపాదకులకు నమస్కారం.

మనం ఎగబడి కొనడం వల్ల దక్షిణ అమెరికాలోని బొలీవియా, పెరూ రైతులకు తాము పండించే క్వినోవా గింజలు తమకే దక్కకుండా పోయిందని మీ ఆదివారం సంచికలో రాశారు. భీమవరంలో కిరాణా కొట్టు నడుపుతూ ఆ గింజ అమ్మేదాన్ని కాబట్టి ఈ ఉత్తరం.

షుగరున్నవాళ్లు డాక్టరు చెప్పారని వచ్చి కొంటారు. మర్నాడు కొందరు పొట్లం వెనక్కి తెస్తారు. "కడుగుతుంటే సబ్బు నురగ వస్తోందండీ, ఏం కలిపారు?" అని నిలదీస్తారు. ఏమీ కలపలేదు. గింజ మీద సపోనిన్ అనే చేదు పొర ఉంటుంది, అందుకే పిట్టలు దాని జోలికి పెద్దగా రావు. నురగ పోయేదాకా కడగమని చెప్పి పంపిస్తాను.

ధర పెరగడమే రైతు కొంప ముంచిందంటే మాత్రం ఒప్పుకోను. పెరూలో ఇంటి ఖర్చుల లెక్కలు తీసి చూసిన ఆర్థికవేత్తలకు, ధర బాగా పెరిగినప్పుడు కొనుక్కు తినేవాళ్లు కూడా చితికిపోయినట్టు కనబడలేదు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఐక్యరాజ్యసమితి 2013ను క్వినోవా సంవత్సరంగా ప్రకటించింది. ఆ గిరాకీ రోజుల్లో, సుమారు 3,700 మీటర్ల ఎత్తున బొలీవియాలోని ఉయుని ఉప్పు మైదానాల చుట్టుపక్కల అయ్‌మారా, కెచువా ఆదివాసీ రైతులు లామాలనే ఒంటె జాతి పశువులు మేసే బీళ్లు కూడా దున్నేశారు. లామాలు తగ్గితే ఎరువు తగ్గింది. విరామం లేక నేల సారం పోయింది. ఈలోగా పెరూ సముద్రతీరంలో నీటి వసతి ఉన్నవాళ్లు ఎరువులు, మందులు వేసి ఎక్కువ దిగుబడి తీశారు. 2014కల్లా క్వినోవా ఉత్పత్తిలో పెరూ బొలీవియాను దాటేసింది. 2015లో ధర కుప్పకూలింది.

ఇదేమైనా మనకు కొత్తా? ఆకివీడు, ఉండి వైపు వరిచేలు ఎలా చెరువులయ్యాయో చూశాం కదా. మా ఆయన వద్దంటున్నా మా బావగారు ఉమ్మడి పొలం రొయ్యల చెరువుకి లీజుకిచ్చేశారు (ఇంట్లో ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది). 2025లో అమెరికా సుంకాలు పెంచగానే ఇక్కడ రొయ్యల రేటు పడిపోయింది. గట్టు తెంచేసినంత మాత్రాన ఆ ఉప్పు నేలలో మర్నాడే ఊడ్పులు పడవు.

ఇప్పుడు నా టెన్షన్ మన ఏజెన్సీ గురించి. 2023 చిరుధాన్యాల సంవత్సరమయ్యాక సామలు, కొర్రలు అడిగేవాళ్లు పెరిగారు. రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో కొండరెడ్లు పోడు చేసి పండించిన సామలు నా కొట్టుకొచ్చేలోగా ఎన్నో చేతులు మారతాయి. నాకు నా లాభం ఉంటుంది, పండించినవాళ్లకి ఎంత దక్కిందో మాత్రం తెలియదు. కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల్లో రాగులు, జొన్నలు, సజ్జలు ఉన్నాయి. సామలు, కొర్రలు లేవు. విత్తనం వేయకముందే ధర చెప్పి, గిరిజన సహకార సంస్థ (జీసీసీ) వాటిని సంతల్లోనే కొనాలి. గిరాకీ తగ్గిన ఏడు కూడా కొనాలి.

మీరూ ఒక పని చేయొచ్చు. జిల్లా పేజీలో రొయ్యల రేట్లు కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) వారీగా వేస్తుంటారు కదా, పక్కనే వారానికోసారి ఏజెన్సీ సంతల్లో సామలు కిలో ఎంత పలికాయో కూడా వేయండి. అక్కడ ఎంతకి కొన్నారో, నా కొట్టులో ఎంతకి అమ్ముతున్నానో జనం పోల్చి చూసుకుంటారు.

— ఒక కిరాణా వ్యాపారి, భీమవరం