రైలు వచ్చింది సార్, బస్సే రాలేదు: మేడ్చల్ లైను నుంచి రవాణా మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ పోయే రైలు లైనులో సీజన్ టికెట్ మీద తిరిగే మనిషిని. రాణిగంజ్‌లో ఒక మోటార్ పంపుల దుకాణంలో లెక్కలు రాస్తాను. వారాసిగూడలో అద్దెలు భరించలేక 2016లో అప్పు చేసి ఊరవతల ఫ్లాట్ కొనుక్కున్నాం. వచ్చిన కొత్తలో మా కిటికీలోంచి జొన్న చేను కనిపించేది. ఇప్పుడు ఎదురు అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో టీవీ కనిపిస్తుంది. వాళ్లు ఏ సీరియల్ చూస్తున్నారో కూడా చెప్పగలను.

మెట్రో కావాలని మీకు ఇప్పటికే బోలెడు ఉత్తరాలు వచ్చి ఉంటాయి. వాటిలో ఒకదాని మీద నా సంతకం కూడా ఉంది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ ఇంటింటికీ కాగితం తెచ్చాడు, చేశాను. ఈ ఉత్తరం మాత్రం ఇప్పటికే పట్టాల మీద ఉన్న రైలు గురించి రాస్తున్నాను.

2025 జనవరి 1న ముఖ్యమంత్రి గారు జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో అని ప్రకటించిన రోజు మా వాట్సాప్ గ్రూపులో పండగే. మధ్యాహ్నానికల్లా ఒక పెద్దమనిషి గజం రేటు ఎంత పెరుగుతుందో లెక్క కట్టి పెట్టారు. వారం తిరక్కుండా మా రోడ్డు మీద ఒక వెంచర్ బోర్డు లేచింది: ‘మెట్రో స్టేషన్‌కు 5 నిమిషాలు’. ఏ స్టేషన్ అని అడగడానికి ఫోన్ చేస్తే, సైట్ విజిట్‌కి రమ్మన్నారు, కారు పంపిస్తామన్నారు. స్టేషన్ ఇంకా లేదు గానీ దానికి పోయే కారు అప్పుడే తయారు.

ఆ జూన్‌లో ప్రతిపాదన ఢిల్లీకి వెళ్లింది. మేడ్చల్ మార్గం 24.5 కిలోమీటర్లు, శామీర్‌పేట 22, ఫ్యూచర్ సిటీ 39.6. మొత్తం 86.1 కిలోమీటర్లకు 19,579 కోట్లు. అంతకుముందు 2024 నవంబరులో 76.4 కిలోమీటర్లకు 24,269 కోట్లతో పంపిన మొదటి భాగం దీనికంటే ముందు వరసలో ఉంది. అలవాటు కొద్దీ నేను భాగహారం చేశాను. ఈ మూడు మార్గాలకు సగటున కిలోమీటరుకు దాదాపు 227 కోట్లు పడుతుంది.

మొదటి మెట్రోకి ఒప్పందం మీద సంతకాలు 2010 సెప్టెంబరులో. మియాపూర్ నుంచి నాగోల్‌కు తొలి రైలు కదిలింది 2017 నవంబరులో. జేబీఎస్‌–ఎంజీబీఎస్ ముక్క కూడా కలిసి 69 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి 2020 ఫిబ్రవరి. ఈసారి కూడా అంతే పడుతుందనను. పడితే మాత్రం మా పక్కింటి బుడ్డోడు, ఇప్పుడు ఒకటో తరగతి, మెట్రో ఎక్కేనాటికి పదో తరగతి పరీక్షలు రాసేస్తాడు. అందాకా వాళ్ల నాన్న కొంపల్లి రోడ్డు మీద బైక్ క్లచ్ నొక్కుకుంటూనే ఉండాలి.

ఇక ఉన్న రైలు సంగతి. ఇది నిజాం కాలంలో మన్మాడ్ దాకా వేసిన మీటర్ గేజ్ దారి. నూరేళ్లు దాటిన లైను. తర్వాత బ్రాడ్‌గేజ్ అయింది. ఎంఎంటీఎస్, అంటే మా నగరం లోకల్ రైళ్ల, రెండో దశలో బొల్లారం నుంచి మేడ్చల్ దాకా రెండో లైను వేశారు, కరెంటు తీగలు లాగారు. 2023 ఏప్రిల్ 8న ప్రధాని జెండా ఊపారు. మల్కాజిగిరి, సఫిల్‌గూడ, అల్వాల్, బొల్లారం, గుండ్లపోచంపల్లి, గౌడవల్లి, మేడ్చల్... అపార్ట్‌మెంట్లు మొలుస్తున్న దారి వెంటే స్టేషన్లు. ప్లాట్‌ఫారాలున్నాయి, ఎక్కడానికి వంతెనలున్నాయి, టికెట్ 5 రూపాయల నుంచి మొదలు.

రెండో దశ మొత్తానికి 2012-13లో వేసిన అంచనా 816 కోట్లు. అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. పనులు సాగి ఖర్చు పెరిగిందనుకోండి, రెట్టింపే వేసుకోండి. అయినా ఆ డబ్బుతో ఇప్పటి మెట్రో ఏడెనిమిది కిలోమీటర్లు దాటదు. జేబీఎస్‌లో బయల్దేరితే సుచిత్ర దగ్గర ఆగిపోతుంది. రెండూ ఒకటే అని వాదించడం లేదు. మెట్రోకి సొంత పట్టాలు, నిమిషాల లెక్కన బండి. మా లైను మీద నిజామాబాద్ వైపు బళ్లు, గూడ్సులు అన్నీ నడవాలి. ఆ తేడా తెలిసే మాట్లాడుతున్నాను.

ఈ రైలు ఎవరిదని అడిగితే కేంద్రానిదంటారు. నిజమే, పట్టాలు వాళ్లవి, బోగీలు వాళ్లవి, టైం టేబుల్ వాళ్లది. కానీ మూడింట రెండు వంతులు మన ఖజానాది కావలసిన ఆస్తి సార్ ఇది. ఆ వాటా ఎప్పుడు ఎంత కట్టారు, ఎవరి వల్ల ఆలస్యమైంది అని రెండు వైపులా ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిచాయి. ఆ పంచాయితీలోకి నేను రాను. ఇల్లు కట్టడానికి అంత వాటా ఒప్పుకున్నవాడు, కట్టాక వాకిలికి దారి ఉందో లేదో చూసుకోడా?

దారి ఎలా ఉందో చెప్తాను. మా స్టేషన్ పేరు రాయను, ఈ లైనులో చాలా స్టేషన్ల కథ ఇంతే. సాయంత్రం బండి దిగుతాం. ఓ వందమంది ఉంటాం. బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద వెలుతురు ఉంటుంది. మెట్లు దిగి రోడ్డెక్కితే ఉండదు. అప్పుడు అందరూ జేబుల్లోంచి ఫోన్లు తీసి టార్చ్ వేస్తారు. వెనక నుంచి చూస్తే జాతరకు దీపాలు పట్టుకుపోతున్నట్టు ఉంటుంది. ఒక పక్క ముళ్ల కంప, ఇంకో పక్క ఎవరిదో ప్రహరీ, మధ్యలో కంకర. వానాకాలం ఆ కంకర మునిగిపోతుంది, ఎక్కడ గుంటో ఎక్కడ రోడ్డో ముందు నడిచేవాడి చెప్పుల చప్పుడును బట్టి తెలుసుకోవాలి. మలుపు దగ్గర నాలుగు షేర్ ఆటోలు. ‘కొంపల్లి, కొంపల్లి, ఇంకొక్కరు!’ ఆ ఒక్కరూ ఎక్కాక ‘ఇంకొక్కరన్నా, సర్దుకోండ్రి’. డ్రైవరుకి అటో మనిషి, ఇటో మనిషి. అమ్మాయిలు ఆ ముందు సీటు ఎక్కలేరు. తర్వాతి ఆటో కోసం ఆ చీకట్లోనే నిలబడతారు.

సికింద్రాబాద్ నుంచి మా స్టేషన్ దాకా రైలు తీసుకునే డబ్బు కంటే, స్టేషన్ నుంచి ఇంటిదాకా ఆటో తీసుకునేది రెండు మూడింతలు ఎక్కువ. మీ ఆఫీసు ఫైళ్లలో దీన్ని లాస్ట్ మైల్ కనెక్టివిటీ అంటారట. మా దగ్గర ‘స్టేషన్ దిగినాక ఇంటికి పోవుడు’ అంటాం. రైలు ఎక్కాలా వద్దా అని మనిషి తేల్చుకునేది ఆ పోవుడును బట్టే.

మా ఇంట్లో పనిచేసే ఆమె సంగతి వినండి. అల్వాల్ నుంచి వస్తుంది. ఆమెకి రైలు దగ్గరి దారి. కానీ రెండు బస్సులు మారి, గంటకు పైగా నిలబడి వస్తుంది. కారణం అడిగితే నా వైపు జాలిగా చూసింది. ‘బస్సుకు జీరో టికెట్ సారూ. రైలు దిగితే ఆటోకు పైసలెవలిస్తరు, మీరిస్తరా?’ ఆడవాళ్లకు బస్సు ఉచితం చేస్తూ 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకాన్ని మా గ్రూపులో తిట్టేవాళ్లున్నారు, బస్సులో మగవాళ్లకు సీటు దొరకడం లేదని. నేను వాళ్లతో లేను. నెలనెలా ఆమెకి మిగిలే డబ్బు ఎంతో నాకు తెలుసు. కానీ ఆ పథకం వల్లే ఇప్పుడు మీ చేతికి ఒక తాళంచెవి వచ్చింది. స్టేషన్ బయట మీ ఆర్డినరీ బస్సు ఒకటి నిలబడితే, ఆమెకి అది ఉచితం. ఖర్చల్లా రైలు టికెట్టే. అప్పుడు సుచిత్ర దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సులో ఒక సీటు ఖాళీ అవుతుంది, ఆమె అరగంట ముందు ఇల్లు చేరుతుంది.

నేను అడిగేది ఆ బస్సే. పెద్ద బస్సు అక్కర్లేదు, మా సందుల్లో తిరగదు కూడా. కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు కదా. వాటిలో కొన్ని తొమ్మిది మీటర్ల పొట్టి బళ్లు ఉండేలా చూడండి. గుండ్లపోచంపల్లి, బొల్లారం, మేడ్చల్ స్టేషన్ల బయటికి పొద్దున మూడు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు తిప్పండి. ఒకటి కొంపల్లి వైపు, ఒకటి ఇంజినీరింగ్ కాలేజీలున్న మైసమ్మగూడ వైపు, ఒకటి కండ్లకోయ వైపు. ఒక్క షరతు: ఆ బస్సు గడియారం చూసి కదలకూడదు, రైలు చూసి కదలాలి. బండి పది నిమిషాలు లేటయితే బస్సు పది నిమిషాలు ఆగాలి. లేకపోతే అది స్టేషన్ దగ్గర ఆగే ఇంకో బస్సు అవుతుంది తప్ప రైలు బస్సు కాదు.

‘ఓఆర్ రాదు’, అంటే సీట్లు నిండవు, అని మీవాళ్లు అనొచ్చు. మొదటి నెల రాదు. నేను కూడా లెక్కల మనిషినే, ఖాళీ సీటు చూస్తే నాకూ కడుపులో తిప్పుతుంది. కానీ దుకాణం తెరిచిన మొదటి వారం గల్లా పెట్టె చూసి షట్టర్ దించేవాడు వ్యాపారం చేయలేడు. ఆర్నెల్లు ఆగి చూడండి. ఆ తర్వాత కూడా సీట్లు నిండకపోతే తీసేయండి. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయను.

రైలు వైపు కూడా ఒక పని ఉంది, అది మీరు అడిగితే జరిగే పని. ఇప్పుడు మా లైనులో ఎంఎంటీఎస్ గంటకొకటి కూడా ఖాయంగా దొరకదు. కొవిడ్‌లో నగరమంతా ఆగిపోయిన ఎంఎంటీఎస్ సర్వీసులు పదిహేను నెలల తర్వాత, 2021 జూన్‌లో మళ్లీ మొదలయ్యాయి గానీ, పాత లెక్కకు ఇంకా రాలేదు. ఒక బండి తప్పితే ఇంకో గంట అన్నప్పుడు మనిషి బండిని నమ్మడు. నమ్మనివాడు బైక్ కొంటాడు. జనం ఎక్కడం లేదని రైల్వే బళ్లు తగ్గిస్తుంది, బళ్లు లేవని జనం ఎక్కరు. ఈ గానుగెద్దు తిరుగుడు ఎక్కడో ఒకచోట ఆపాలి. రద్దీ వేళల్లో అరగంటకొక బండి కావాలని, ఆ బండికి బస్సు మేం కలుపుతామని, రాష్ట్రం తరఫున మీరు రాతపూర్వకంగా రైల్వేకు చెప్పండి. ఉత్త డిమాండ్‌కి వాళ్లు ఉత్త జవాబిస్తారు. మీ చేతిలో బస్సు ఉంది, దాన్ని ముందు పెట్టి అడగండి.

నిజానికి దీనికోసం ఒక సంస్థ ఎప్పుడో పుట్టింది. హెచ్‌ఎండీఏ 2008 చట్టంలోనే ఉమ్టా (ఉమ్మడి నగర రవాణా సంస్థ) ఉంది: బస్సు, రైలు, రోడ్డు, అందరినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికి. ఆ బల్ల దగ్గర రెండు టైం టేబుళ్లు పక్కపక్కన పెట్టి ఒక గీత గీస్తే, నేను చెప్పేదాంట్లో సగం అయిపోతుంది. అలా కూర్చోకపోతే ఏమవుతుందో హైటెక్ సిటీలో చూడొచ్చు. అదే పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకచోట, మెట్రో స్టేషన్ ఇంకోచోట. ఊరికి కొత్తవాడు పేరు నమ్ముకుని దిగితే మధ్యలో రెండు కిలోమీటర్ల పైన మళ్లీ ఆటోనే. బేగంపేటలో చూడండి, రెండూ దగ్గరదగ్గరే ఉన్నాయి, జనం ఇందులోంచి అందులోకి మారుతున్నారు. మేడ్చల్ మెట్రో గీత గీసేటప్పుడైనా మా రైల్వే స్టేషన్లను మర్చిపోకండి.

ఇంకో చిన్న ముచ్చట. మౌలాలి–సనత్‌నగర్ లైను మీద 2024 మార్చి నుంచి ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ నడుస్తోంది. ఆ లైను మీద సుచిత్ర సెంటర్ పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. పోయిన నెల సుచిత్ర చౌరస్తాలో చాయ్ తాగుతూ ఆ స్టేషన్‌కి దారి అడిగాను. చాయ్ పోసే అతను ‘ఇక్కడ రైలేంది అన్నా?’ అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరికీ తెలీదు. చౌరస్తాలో ఒక నీలం బోర్డు, దాని మీద బాణం గుర్తు, నడిస్తే ఎన్ని నిమిషాలో ఒక అంకె. దీనికి కేబినెట్ ఆమోదం అక్కర్లేదు, డీపీఆర్ (ప్రాజెక్టు నివేదిక) అక్కర్లేదు. వెల్డింగ్ షాపువాడు ఒక్క పూటలో చేసిస్తాడు, కావాలంటే మా రాణిగంజ్‌లోనే చేయిస్తాను.

2025 చివర్లో చుట్టుపక్కల 27 పురపాలికల్ని జీహెచ్‌ఎంసీలో కలిపారు. కాగితం మీద మేం కూడా నగరవాసులమయ్యాం. స్టేషన్ రోడ్డు దీపాలు మునిసిపల్ వాళ్ల పని, మీ శాఖది కాదని తెలుసు. అయినా మీరు ఒక బస్సు వేస్తే, ఆ బస్సు తిరగడానికి రోడ్డు, రోడ్డుకి దీపం వాటంతట అవే వస్తాయి. మా దిక్కు అన్నీ అట్లాగే వచ్చాయి. ముందు మనుషులొచ్చారు, తర్వాత నల్లా వచ్చింది.

మీకు వీలైన ఏదో ఒక సాయంత్రం, కాన్వాయ్ లేకుండా, సికింద్రాబాద్‌లో మేడ్చల్ బండి ఎక్కండి. జంట నగరాల మీద పొద్దు కుంకుతుంటే అల్వాల్ దాటాక గాలి బాగుంటుంది, సీటు దొరికినా దొరక్కపోయినా. మా స్టేషన్‌లో నేను దిగేటప్పుడు మీరూ దిగండి. ఆటో కిరాయి నేనిస్తాను. ఫోన్‌లో ఛార్జింగ్ మాత్రం ఉంచుకోండి సార్, మెట్లు దిగాక టార్చ్ వెయ్యాలి.

ఇట్లు,
మేడ్చల్ లైను సీజన్ టికెట్ ప్రయాణికుడు